చట్టంలో చోటుంది, ఆటలో ఏదీ?

వికలాంగుల హక్కుల చట్టం–2016 మాట వచ్చిందంటే మన దగ్గర చర్చంతా ఉద్యోగాల్లో రిజర్వేషన్, సదరం శిబిరం, 40 శాతం ధ్రువపత్రం, పింఛను చుట్టూనే తిరుగుతుంది. బతుకుతెరువు సంగతులు కనుక అది సహజమే. అయితే అదే చట్టంలో 29వ సెక్షన్ ఒకటుంది. సాంస్కృతిక జీవితంలో, వినోదంలో వికలాంగులు అందరితో సమానంగా పాల్గొనేందుకు ప్రభుత్వాలూ స్థానిక సంస్థలూ చేయాల్సిన పనుల జాబితా అది. స్కౌటింగ్, చిత్రకళ తరగతులు, ఆరుబయట శిబిరాలు, సాహస క్రీడలతో పాటు నాట్యాన్నీ అందులో పేరు పెట్టి చేర్చారు. కళల పాఠ్యక్రమాలను అందరూ నేర్చుకునేలా తిరగరాయాలని కూడా ఉంది. 16వ సెక్షన్ ఇంకా సూటిగా చెబుతుంది: ప్రభుత్వ నిధులతోనో, ప్రభుత్వ గుర్తింపుతోనో నడిచే ప్రతి బడీ ఈ పిల్లలకు చదువుతో పాటు ఆటపాటల్లోనూ సమాన అవకాశం ఇవ్వాలి. అంటే వార్షికోత్సవం వేదిక మీద ఎవరుంటారన్నది హెడ్మాస్టర్ దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు.

ఈ చట్టం హైదరాబాద్ శివారులోని అలియాబాద్‌కు దూరపు చుట్టమేమీ కాదు. రాజీవ్ రహదారి మీద కొద్ది కిలోమీటర్ల అవతల షామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి వైకల్య అధ్యయన కేంద్రం తరఫున ప్రొఫెసర్ అమితా ధండా, కొత్త చట్టం రాయడానికి కేంద్ర ప్రభుత్వం 2010లో వేసిన సుధా కౌల్ కమిటీకి న్యాయ సలహాదారుగా పనిచేశారు. కమిటీ 2011లో ఇచ్చిన ముసాయిదా ఎన్నో చేతులు మారి, ఎంతో రూపు మారి 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొందింది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. నల్సార్ వైకల్య అధ్యయన కేంద్రం దేశమంతటా సౌకర్యాల స్థితిగతులపై ఇచ్చిన నివేదికను ఆధారం చేసుకునే, 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాప్యత ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చాలదు, తప్పనిసరి నిబంధనలు కావాలన్నది అందులోని ముఖ్యాంశం.

ఆ తీర్పులో నాట్యం ప్రస్తావన లేదు గానీ, నాట్యానికి పనికొచ్చే తేడా ఒకటుంది. ఒక మనిషి వచ్చి అడిగాక అతనికి తగ్గట్టు చేసే సర్దుబాటు ఒకటి. ఎవరొస్తారో తెలియకముందే, అందరూ రాగలిగేలా చేసే ఏర్పాటు మరొకటి. రెండూ కావాల్సిందే, కానీ మొదటిది రెండోదానికి బదులు కాజాలదు. మన బడుల్లో జరిగేది మహా అయితే మొదటిది. డ్యాన్స్ అంతా సిద్ధమయ్యాక, అడుగులూ వరసలూ ఖాయమయ్యాక, "ఈ పిల్లాణ్ని ఎక్కడ పెడదాం?" అని వెతుకుతారు. అప్పటికి మిగిలి ఉండేవి చెట్టు వేషం, పూలు చల్లే పని, లేదా ముందు వరసలో తల్లి పక్కన కుర్చీ.

ఎంపిక మొదలయ్యేది అంతకంటే ముందు. ఆగస్టు 15కో, జనవరి 26కో, వార్షికోత్సవానికో ఒక సినిమా పాట తీసుకుంటారు. ఎత్తు సరిపోయేవాళ్లు, అడుగు తప్పనివాళ్లు, చెప్పగానే పట్టేవాళ్లు ముందుకు వస్తారు. పాట వేగం పిల్లలను బట్టి మారదు, వేగాన్ని బట్టే పిల్లలు మారిపోతారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న అమ్మాయి, స్పీకర్ మోగగానే చెవులు మూసుకునే ఆటిజం ఉన్న అబ్బాయి, కుదురుగా వరసలో నిలబడలేని ఏడీహెచ్‌డీ పిల్లవాడు ఎవరూ పొమ్మనకుండానే బయట పడతారు. పైగా చాలాసార్లు తల్లే ముందుగా వచ్చి "వాడికి చప్పుడు పడదు మేడమ్, ఆ రోజు ఇంట్లోనే ఉంచుకుంటా" అంటుంది. టీచర్ ఊపిరి పీల్చుకుంటుంది. ఆ రోజు గైర్హాజరు పట్టీలో ఒక పేరు పెరుగుతుంది తప్ప, అన్యాయం జరిగిందని ఎవరికీ తోచదు.

ఇలాంటి పిల్లలు ఎక్కడో ఒకరిద్దరు ఉంటారనుకోవడమూ పొరపాటే. హైదరాబాద్‌తో కలిపి దేశంలో అయిదు చోట్ల జరిగిన పెద్ద అధ్యయనం 2018లో ప్రచురితమైంది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో ఏదో ఒక నాడీ వికాస సమస్య ఉన్నవారు ప్రాంతాన్ని బట్టి 6.5 నుంచి 18.5 శాతం దాకా ఉన్నారని అది తేల్చింది. వినికిడి లోపం, మూర్ఛ, నేర్చుకోవడంలో ఇబ్బంది, ఆటిజం, ఏడీహెచ్‌డీ అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. తక్కువ అంకెను తీసుకున్నా, ముప్పై మంది ఉన్న తరగతిలో ఇద్దరు.

చిత్రమేమిటంటే, అందరికీ చోటిచ్చే నాట్యాన్ని ఈ నేల కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. బతుకమ్మ ఉంది.

బతుకమ్మ ఆటను భక్తి, సంప్రదాయం, తెలంగాణ ఆత్మగౌరవం అన్న కోణాలు కాసేపు పక్కనపెట్టి, ఒక ప్రత్యేక బోధకుడి కంటితో చూడండి. నడుమ తంగేడు, గునుగు, బంతిపూల పేర్పు. ఎటు తిరగాలో అదే చూపుతుంది. చుట్టూ వలయం, అందులో మొదటి స్థానం, చివరి స్థానం అంటూ లేవు. ఒకరు పాట చెబుతారు, తక్కినవాళ్లు అందుకుంటారు. ప్రతి చరణం చివరా వచ్చే మకుటం ఒక్కటే. మాటలు పట్టుబడని పిల్ల ఆ ఒక్క మాట పలికినా పాటలో ఉన్నట్టే. ఒక అడుగు, కొంచెం వంగడం, ఒక చప్పట్టు, మళ్లీ అదే. అరగంట గడిచినా కొత్త కదలిక రాదు. ముందేం జరుగుతుందో తెలియకపోతే కంగారుపడే ఆటిజం పిల్లలకు ఈ పునరావృతం పెద్ద ఊరట. వేగాన్ని నిర్ణయించేది మిషను కాదు, పాడే మనిషి. అందుకే అవ్వలు అలసిపోతే పాట నెమ్మదిస్తుంది. మధ్యలో ఒకావిడ పిల్లకు పాలివ్వడానికి పక్కకు వెళ్లి, మళ్లీ వచ్చి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కలుస్తుంది. ఎవరూ ఏమీ అనరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ అరుగు మీద కూర్చునే చప్పట్లు కొడుతుంది, ఆమె ఆడలేదని ఎవరూ లెక్క కట్టరు.

వలయానికి మరో గుణం ఉంది. వరసల్లో నిలబెడితే వెనకున్న చెవిటి బాలికకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. వలయంలో ఎదుటివాళ్ల చేతులు, ముఖాలు, పెదవులు అన్నీ కనిపిస్తాయి, లయ కంటితోనే అందుతుంది. ఇక చూపు లేని పిల్లవాడికి వలయమంతా మోగే చప్పట్లే దిక్కు చెబుతాయి.

ఆటలో ఇన్ని సౌలభ్యాలు ఉండగా పిల్లలు ఎలా బయటపడుతున్నారు? ఆటను ప్రదర్శనగా మార్చడం వల్ల. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగయింది. 2016 అక్టోబరులో ఎల్బీ స్టేడియంలో తొమ్మిది వేల మందికి పైగా మహిళలు ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అందులో గర్వపడాల్సింది ఉంది, కాదనలేం. కానీ రికార్డుకు కావాల్సింది అందరూ ఒకేలా కదలడం, లెక్కపెట్టడానికి వీలుగా నిలబడటం. ఊరి వాకిట్లో ఆటకు ఆ అవసరం ఎన్నడూ లేదు. ఇప్పుడు కాలనీల్లోనూ బడుల్లోనూ 'ఉత్తమ బతుకమ్మ బృందం' బహుమతులు, ఒకే రంగు చీరలు, రిహార్సళ్లు వచ్చాయి. న్యాయనిర్ణేతలు కుర్చీల్లో కూర్చోగానే, అడుగు తప్పే పిల్లను పక్కన పెట్టాలన్న ఆలోచన తనంతట తానే వస్తుంది. బహుమతి ఉన్న చోట అంతకంటే వేరే జరగదు.

రెండో శత్రువు డీజే. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు–2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. విద్యాసంస్థలు, ఆసుపత్రుల చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తే అక్కడ ఇంకా తక్కువ. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు కూడా. శివారు ఊళ్లలో పండుగ రాత్రి ఎవరికి వారే తేల్చుకోవచ్చు ఈ అంకెల గతి. మామూలు పిల్లలకు తలనొప్పితో పోయేది, శబ్దాన్ని వడకట్టుకోలేని పిల్లలకు నొప్పే అవుతుంది. దానికి తోడు మిణుకుమిణుకుమనే లైట్లు. మూర్ఛ ఉన్న పిల్లల్లో కొందరికి అవి నేరుగా ఫిట్స్ తెప్పించగలవు. ఇది చాలామంది నిర్వాహకులకు తెలియని విషయం. తెలిస్తే ఒక్క స్విచ్చి ఆపితే సరిపోయే పని.

తెలుగువాళ్ల మనసులో వైకల్యం, నాట్యం కలిస్తే గుర్తొచ్చేది 'మయూరి'. 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదం తర్వాత కాలు కోల్పోయిన సుధా చంద్రన్ జైపూర్ కాలుతో మళ్లీ వేదికెక్కిన కథను సింగీతం శ్రీనివాసరావు సినిమాగా తీశారు. ఆమే నాయికగా నటించి జాతీయ పురస్కారాల్లో ప్రత్యేక గుర్తింపు పొందారు. నలభై ఏళ్లు గడిచినా ఆ సినిమా చూసి కళ్లు తడవని వాళ్లుండరు. అయితే ఆ కథ ఒక కొలతను కూడా మనకు వదిలి వెళ్లింది: కాలు లేని మనిషి కాలున్నవాళ్లంత బాగా ఆడి చూపిస్తే చప్పట్లు కొడతాం. ఏటా డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం నాడు వేదికల మీద జరిగేది ఈ కొలత ప్రకారమే. ఆ రోజు చక్కగా ఆడిన పిల్లలకు శాలువాలు, ఫొటోలు, స్టీలు డబ్బాలు. అసాధారణ ప్రతిభ ఉన్న ఒక్కరి కోసం మనకు కథ ఉంది. ఏ ప్రతిభా లేని, ఉత్తినే పక్కింటి పిల్లలతో తిరగాలనుకునే పదేళ్ల పిల్లకు మాత్రం ఏ కథా లేదు.

ఈ విషయంలో పని చేసి చూపినవాళ్లు లేకపోలేదు. చెన్నైలో భరతనాట్య కళాకారిణి అంబికా కామేశ్వర్ 1989లో 'రమణ సునృత్య ఆలయ' అనే సంస్థను స్థాపించారు. నాట్యం, సంగీతం, కథ, అభినయం కలిపి, రకరకాల వైకల్యాలున్న పిల్లల ఎదుగుదలకు వాడటం ఆ సంస్థ దారి. సయ్యద్ సలావుద్దీన్ పాషా వీల్‌చైర్ల మీద భరతనాట్యం చేయించి దేశవిదేశాల్లో వేదికలెక్కించారు. చక్రం తిరుగుడు ఆయన దగ్గర సర్దుబాటు కాదు, అదే నృత్య భాష. వేదిక మీదే కింద పడి వెన్ను దెబ్బతిన్న బ్రిటిష్ నర్తకి సెలెస్ట్ డాండెకర్, ఆడం బెంజమిన్‌తో కలిసి 1991లో 'కాండోకో' బృందాన్ని నెలకొల్పారు. వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందులో కలిసే నర్తిస్తారు.

ఊరి ఆటకు ఎక్కువ పనికొచ్చేది మాత్రం అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం యూజీన్ పట్టణంలో ఆలిటో అలెస్సీ 1987 నుంచి పెంపొందించిన 'డాన్స్ ఎబిలిటీ' పద్ధతి. ముందుగా అడుగులు తయారు చేసుకుని రాకూడదన్నది అందులో కీలకం. గదిలో ఎవరెవరున్నారో చూసి, వాళ్లందరూ చేయగలిగిన కదలిక నుంచే ఆట మొదలు పెట్టాలి. ఒక్కరు కూడా ఒంటరిగా మిగిలిపోయేలా సూచన ఇవ్వకూడదు. "గెంతండి" అంటే వీల్‌చైర్‌లో ఉన్న పిల్ల ఆగిపోతుంది. "మీలో ఏదో ఒకటి పైకి లేపండి" అంటే ఒకరు కాలు, ఒకరు చెయ్యి, ఒకరు కనుబొమ్మ లేపుతారు. ఖర్చు ఏమీ లేదు, మారింది వాక్యమొక్కటే.

అలియాబాద్ బడిలోనో కాలనీలోనో ఈ లెక్కన ఏం చేయొచ్చు? నేల మీద ముగ్గు గీయొచ్చు. నడుమ ఒక వృత్తం, చుట్టూ అడుగుల గుర్తులు, మధ్యమధ్యలో వీల్‌చైర్ పట్టేంత వెడల్పు. తన చోటు ఏదో కంటికి కనిపిస్తే సగం కంగారు పోతుంది. ఇసుక మైదానం కంటే సీసీ రోడ్డు మేలు, చక్రాలు దిగబడవు. ఆట వేగాన్ని వీల్‌చైర్ నిర్ణయించాలి, దానికంటే ముందు ఎవరూ పరుగెత్తకూడదు. చేతులు పట్టుకోవడం కొందరు పిల్లలకు భరించరాని విషయం. వాళ్లకు చున్నీ ఒక కొస ఇచ్చి, రెండో కొస పక్క పిల్ల పట్టుకుంటే బంధం ఉంటుంది, తాకిడి ఉండదు. చూపు లేని పిల్లలకూ అదే చున్నీ దారి చూపుతుంది.

కోలాటమైతే ఇంకొంచెం ఆలోచన కావాలి. కర్ర ఎదుటివాడి వేళ్లకు తగిలే ప్రమాదం ఉంది, జత మారే కొద్దీ గజిబిజి పెరుగుతుంది. గుడ్డ చుట్టిన తేలికపాటి కర్రలు, మారని జత, రెండు దెబ్బల లయతో మొదలుపెట్టొచ్చు. తాళ్లు అల్లే జడకోలాటాన్ని మాత్రం తొందరపడి పెట్టకపోవడమే మంచిది. అందులో ఒక్కరు దారి తప్పితే అందరి తాళ్లూ చిక్కుపడతాయి, నింద ఆ ఒక్కరి మీద పడుతుంది. డప్పు వేరే సంగతి. చెవిటి పిల్లలు దాని మీద అరచెయ్యి ఆనించి దరువును ఒంటితో వింటారు. డప్పు పక్కనే నిలబడటం వాళ్ల హక్కుగా ఉంచాలి. అదే డప్పుకు ఆటిజం పిల్లవాడు పది గజాల అవతల ఉండాలనుకుంటాడు. ఒకే మైదానంలో ఇద్దరికీ చోటు కుదురుతుంది, నిర్వాహకులు ముందే అనుకుంటే. చేతులు ఆడిస్తూ ఉన్నచోటే గిరగిరా తిరిగే పిల్లవాణ్ని ఆపి సరిదిద్దాల్సిన పనీ లేదు. అది ఆ క్షణానికి అతని ఆట.

జాగ్రత్తలు కొన్ని నిజంగానే అవసరం. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడ పైభాగంలో ఎముకల కీలు వదులుగా ఉంటుంది. వాళ్లతో పిల్లిమొగ్గలు వేయించడం, మెడ విసిరే కదలికలు చేయించడం డాక్టరును అడగకుండా చేయకూడదు. వలయం పక్కనే చప్పుడు తక్కువగా ఉండే ఒక మూల, నీళ్లు, తెలిసిన మనిషి ఉండాలి. వెళ్లి తిరిగి రావచ్చన్న భరోసా ఉంటే పిల్లలు ఎక్కువసేపు ఆటలో ఉంటారు.

అభ్యంతరాలు రెండు ఎప్పుడూ వినిపిస్తాయి. మొదటిది: దీనికి నిపుణులు కావాలి, మా వల్ల కాదు. నాట్యంతో చికిత్స అన్నది వేరే శాస్త్రం. దానికి శిక్షణ పొందినవాళ్లు కావాల్సిందే, మేధో వైకల్య రంగంలో జాతీయ సంస్థ నీపిడ్ బోయినపల్లిలోనే ఉంది. కానీ పక్కింటివాళ్లతో కలిసి బతుకమ్మ ఆడటం చికిత్స కాదు. ఆడితే చేతుల పట్టు మెరుగవుతుందా, చూపు కలుపుతుందా అన్న ప్రశ్నలు మిగతా పిల్లల గురించి ఎవరూ వేయరు. ఈ పిల్లలకూ సరదా ఒక్కటే కారణంగా సరిపోవాలి. 29వ సెక్షన్‌కు 40 శాతం ధ్రువపత్రం గీత కూడా లేదు, అది వికలాంగులందరికీ వర్తిస్తుంది. చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో ఏడీహెచ్‌డీ పేరే లేదు. కాగితం చూసి వలయంలోకి రానిస్తామంటే ఆ పిల్లలు అక్కడే ఆగిపోతారు.

రెండోది పైకి అనరు: మిగతా పిల్లల కార్యక్రమం చెడిపోతుంది. ప్రదర్శన అయితే నిజమే, కొంత చెడుతుంది. పోటీకి సిద్ధమైన బృందం పోటీకి వెళ్లొచ్చు, ఆ పిల్లల కష్టానికీ విలువుంది. అయితే ప్రతి బడీ ప్రతి పండుగకూ ఎంపిక లేని ఆట ఒకటి తప్పనిసరిగా పెట్టాలి, ప్రేక్షకులైన తల్లిదండ్రులు కూడా కుర్చీలు వదిలి అందులో కలవాలి. ఇందులో మగపిల్లల సంగతి వేరుగా ఆలోచించాలి. బతుకమ్మ ఆడవాళ్లదని వాళ్లు దూరంగా నిలబడతారు, వాళ్ల వంతుకు మిగిలేది వినాయక నిమజ్జనం ముందు డీజే గెంతులే. చిరతలు, డప్పు దరువు, నెమ్మది కోలాటం వాళ్ల వలయం కావచ్చు. పండుగ మతం అడ్డమనుకునే ఇళ్ల పిల్లలకూ అవి సరిపోతాయి.

పనులు ఎవరివో చట్టమే చెప్పింది: ప్రభుత్వాలతో పాటు స్థానిక సంస్థలవి కూడా. ఇటీవలే మునిసిపాలిటీ అయిన అలియాబాద్ పండుగకు లైట్లు పెట్టిస్తుంది, నేల చదును చేయిస్తుంది, నిమజ్జనం ఏర్పాట్లు చూస్తుంది. ఆ ఖర్చులోనే చదునైన దారి, కూర్చుని ఆడేందుకు బెంచీలు, ఒక గంట డీజే లేని ఆట చేరిస్తే కొత్త పద్దు అక్కర్లేదు. ఏ ఇంట్లో ఎవరున్నారో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లోని రిసోర్స్ పర్సన్లకు తెలుసు. ఇంటి దగ్గరే చదువుకునే పిల్లల గడప తొక్కేది వాళ్లే. ఆ ఇళ్లకు పిలుపు వాళ్ల చేతే వెళ్లాలి. నల్సార్ విద్యార్థులు ఒక సాయంత్రం వచ్చి 29వ సెక్షన్‌ను తెలుగులో వివరిస్తే హెడ్మాస్టర్లకు ధైర్యం వస్తుంది.

కావాల్సింది డబ్బు కంటే నెలలు. బడుల్లో బతుకమ్మ వేడుక దసరా సెలవులు ఇచ్చే ముందు జరుగుతుంది. అంతకు వారం ముందు అందరినీ కలుపుకుందామని అనుకుంటే మళ్లీ చెట్టు వేషమే దొరుకుతుంది. పాట జులైలోనే ఖాయం చేయాలి. ఒకే పాట, ఒకే వేగం. దాన్ని ఫోనులో తల్లిదండ్రులకు పంపి ఇంట్లో వినిపించమనాలి. వారానికి రెండుసార్లు మధ్యాహ్న భోజనం తర్వాత పది నిమిషాలు అదే ముగ్గు మీద, అదే చోట, స్పీకరు లేకుండా ఆడాలి. ఆ పది నిమిషాలకు టైంటేబుల్‌లో గడి వేయాల్సింది మాత్రం జూన్‌లో, బడి తెరిచిన వారంలోనే.